ఏట్లో పడ్డవే ఇల్లు చేరాయి

మొన్నామధ్య ఒక ఆదివారం మావాణ్ణి వెంటబెట్టుకుని అబుదాబిలో ఉన్న లూవ్ర్ మ్యూజియానికి వెళ్ళాను. "లూవ్ర్ ఉండేది పారిస్‌లో కదా" అంటారేమో. అదీ ఉంది, ఇదీ ఉంది. 2007లో ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకుని, డబ్బిచ్చి ఆ పేరు వాడుకునే హక్కు తెచ్చుకుని, సాదియాత్ ద్వీపం మీద కట్టి, 2017 నవంబరులో తలుపులు తెరిచారు. పైన 180 మీటర్ల వెడల్పున్న గోపురం. తాటాకు పందిరి సందుల్లోంచి ఎండ పడినట్టు దాని కింద నేలంతా వెలుగు చుక్కలే. చుట్టూ సముద్రం. కట్టినవాణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం.

మావాడికి పదకొండేళ్ళు. ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగి కింద రాసిన చీటీ చదువుతాడు. ఈజిప్టు, ఇరాక్, గ్రీసు, ఇండియా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ సగం దూరం వచ్చాక అడిగాడు.

"ఇవన్నీ ఇక్కడికెలా వచ్చాయి నాన్నా? వాళ్ళే ఇచ్చారా?"

"కొన్ని కొన్నారు, కొన్ని వేరే మ్యూజియాల దగ్గర అప్పు తెచ్చారు."

"కొన్నవి ఎవరి దగ్గర కొన్నారు? అమ్మినవాళ్ళకి ఎలా వచ్చాయి?"

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో దీన్ని రూట్ కాజ్ అనాలిసిస్ అంటారు. ఎందుకు, ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడిగితే అసలు తప్పు బయటపడుతుందని ట్రైనింగుల్లో నేర్పుతారు. మా వాడికి ఆ ట్రైనింగు అక్కర్లేదు. నాకే మూడో ఎందుకు దగ్గర జవాబు అయిపోయింది. "పద, ఐస్‌క్రీం తిందాం" అని గోపురం కింద నీళ్ళ దగ్గర మెట్ల మీదికి తీసుకుపోయాను.

ఐస్‌క్రీం అయితే తిన్నాడు గానీ ప్రశ్న మాత్రం నాకే మిగిలింది. ఆ మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళకేసి చూస్తుంటే ఎప్పుడో చదివిన సంగతి గుర్తొచ్చింది. అక్కడ మొదలైన ఆలోచన ఎక్కడెక్కడికో వెళ్ళి చివరికి మా ఊరి నూతి గట్టు మీదికొచ్చి ఆగింది. ఆ వరసలోనే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మా మెట్ల కింద ఉన్న ఈ నీళ్ళ వెంబడే వాయవ్యంగా వెళితే, వెయ్యి కిలోమీటర్ల లోపే బస్రా వస్తుంది. ఇంకాస్త పైకి పోతే అల్ ఖుర్నా అనే ఊరు. టైగ్రిస్, యూఫ్రటీస్ అక్కడ కలిసి షత్ అల్ అరబ్ అనే ఒకే నదిగా ఈ గల్ఫులోకి వచ్చి పడతాయి. 1855 మే నెలలో ఆ ఖుర్నా దగ్గర ఒక పడవల వరస మునిగింది. ఒక పెద్ద పడవ, ఊదిన మేకతోళ్ళ మీద కర్రలు పరిచి కట్టిన నాలుగు తెప్పలు. వాటి మీద 200కి పైగా పెట్టెలు. వాటిల్లో ఉన్నవి అసిరియా చక్రవర్తి రెండో సార్గోన్ క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో కట్టించిన ఖోర్సాబాద్ రాజభవనం నుంచి విక్టర్ ప్లాస్ అనే ఫ్రెంచి కాన్సులు తవ్వి తీసిన శిల్పాలు, నినెవె నుంచి వచ్చినవి, బాబిలోన్‌లో ఇంకో ఫ్రెంచి బృందం తవ్వినవి. అన్నీ పారిస్ లూవ్ర్‌కి బయల్దేరాయి. దారిలో స్థానిక తెగల వాళ్ళు పడవల మీద పడ్డారు. పెట్టెల్లో ఏ బంగారమో ఉందనుకుని ఉంటారు. రాళ్ళు కనపడేసరికి ఏం చేస్తారు, ఏటిపాలు చేశారు. కొద్ది పెట్టెలు మాత్రం బస్రా చేరి, ఓడెక్కి, ఈ గల్ఫు మీదుగానే ఫ్రాన్సు వెళ్ళాయి. మిగతావి ఇప్పటికీ ఆ బురదలోనే ఉన్నాయి. 1971-72లో జపాను వాళ్ళ బృందం వెళ్ళి వెతికింది. దొరకలేదు.

ఇందులో దొంగ ఎవరు? ప్లాస్ దగ్గర తుర్కీ సుల్తాను ఇచ్చిన అనుమతి ఉంది. కాగితాలు పక్కాగా ఉన్నాయి. ఆ రాళ్ళ మధ్యే పుట్టి పెరిగినవాళ్ళని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. చివర్లో పడవల మీద పడ్డవాళ్ళని దొంగలన్నారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు సుల్తాను ఇచ్చాడు, కాన్సులు పుచ్చుకున్నాడు, మధ్యలో ఏరు ఎవరికీ దక్కనివ్వలేదు.

మనవాళ్ళు ఏదైనా పోతే "గంగలో కలిసింది" అంటారు. ఇక దాని మీద ఆశ వదులుకోమని అర్థం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా ప్రాజెక్టులో పనిచేసిన ఒక పోలండాయన వార్సా సంగతి చెప్పేదాకా. ఆయనది వార్సానే. ఒకరోజు లంచ్‌లో మాటల మధ్య నేను ఈ సామెత చెప్పి అర్థం వివరించాను. ఆయన నవ్వి, "మా ఊళ్ళో అలా కాదు. మావి ఏట్లో పడ్డవే దొరికాయి" అన్నాడు. ఇంటికెళ్ళి చదివితే నిజమే.

కథ 1655లో మొదలవుతుంది. స్వీడన్ రాజు పదో చార్లెస్ గుస్తావ్ పోలండు మీదికి దండెత్తాడు. అప్పటి పోలండు రాజు యాన్ కాజిమియెజ్, ఈయనా వాసా వంశపు బంధువులే. అంటే ఒకరకంగా దాయాదుల తగువు. పోలండు వాళ్ళు ఆ ఐదేళ్ళనీ "పొతోప్" అంటారు, జలప్రళయం అని అర్థం. వచ్చింది నీళ్ళు కాదు, సైన్యం. అయినా ఆ పేరే ఖాయమైంది.

మామూలుగా లూటీ అంటే నగలూ నాణేలూ అనుకుంటాం. స్వీడన్ వాళ్ళు వార్సాలో చేసింది ఇళ్ళు ఊడదీయడం. రాజభవనాల్లోంచి, పెద్ద ప్రభువుల మేడల్లోంచి పాలరాతి స్తంభాలు, కిటికీ చట్రాలు, ఫౌంటెన్లు, గచ్చు పలకలు ఊడబెరికి, విస్తులా నది మీద సరుకు పడవల్లోకి ఎక్కించారు. నది వెంబడి దిగువకి వెళితే బాల్టిక్ సముద్రం, అది దాటితే స్టాక్‌హోం. చాలా పడవలు చేరాయి. అన్నీ చేరలేదు. రాళ్ళ బరువు ఎక్కువైందో, ఇసుక మేట తగిలిందో, వార్సా పొలిమేర దాటకుండానే కొంత సరుకు మునిగింది. అదలా ఉండిపోయింది.

250 ఏళ్ళ తర్వాత, 1906లో, నది బాగా ఎండినప్పుడు ఇసుక తవ్వుకునేవాళ్ళకి చెక్కిన పాలరాళ్ళు తగిలాయి. కొన్ని బయటికి తీశారు, పత్రికల్లో వచ్చింది, మళ్ళీ అందరూ మర్చిపోయారు. ఇంకో వందేళ్ళకి వార్సా విశ్వవిద్యాలయానికి చెందిన హుబెర్ట్ కొవాల్‌స్కీ అనే పురావస్తు పరిశోధకుడు ఆ పాత వార్తలు పట్టుకుని, మిగతావి ఇంకా అక్కడే ఉండాలి కదా అనుకున్నాడు. 2009లో వెతుకులాట మొదలైంది.

నదిలో వెతకడం సముద్రంలో వెతకడం లాంటిది కాదు. సముద్రంలో ఓడ మునిగితే చాలాసార్లు అక్కడే కుదురుగా పడి ఉంటుంది. నది అలా ఉండనివ్వదు. ప్రతి వరదకీ ఇసుక కదులుతుంది, పాయ జరుగుతుంది, నిన్న పైన కనపడ్డ రాయి ఇవాళ రెండు మీటర్ల కింద ఉంటుంది. నీళ్ళు మట్టిరంగు కాబట్టి డైవరుకి తన చెయ్యి తనకే కనపడదు. ముందు పడవ మీద నుంచి సోనార్ పెట్టి అడుగంతా జల్లెడ పడతారు. శబ్దం పంపితే అది తగిలి తిరిగొచ్చిన తీరుని బట్టి అడుగున ఏ ఆకారం ఉందో బొమ్మ కడుతుంది. అనుమానం తగిలిన చోట మనిషి దిగి ప్రవాహానికి కొట్టుకుపోకుండా తాడు పట్టుకుని, చేత్తో తడిమి చూడాలి. ఇది బండా, చెక్కిన రాయా? అంచు గుండ్రంగా ఉందా, గాడి ఉందా? అంతా వేళ్ళతో తేల్చుకోవడమే.

నదికి ఒక మంచి గుణం కూడా ఉంది. సముద్రంలో ఓడ కొయ్యల్ని తినేసే పురుగు మంచినీళ్ళలో బతకదు. ఉప్పు బెడద కూడా లేదు. గాలి తగలకుండా ఇసుకలో కూరుకుపోయిన వస్తువు శతాబ్దాలు నిలుస్తుంది. మనం గంగలో కలిసిందని వదిలేసుకున్నది నిజానికి లాకర్లో ఉన్నట్టే, తాళంచెవి ఒక్కటే మన దగ్గర ఉండదు.

ఆ తాళం కరువు తీసింది. 2012 వేసవి చివర్లో విస్తులా నీటిమట్టం వార్సా దగ్గర రికార్డు స్థాయికి పడిపోయింది. అప్పటిదాకా సోనార్ బొమ్మల్లో చూసినవి ఎండలో కళ్ళెదుట కనపడ్డాయి. నీళ్ళు లేక పెద్ద పడవలు అక్కడికి రాలేకపోతే పోలీసు హెలికాప్టర్ తెచ్చి మరీ రాళ్ళని ఎత్తారు. స్తంభాల ముక్కలు, ఫౌంటెన్ భాగాలు, గుమ్మాల పైరాళ్ళు, అలా టన్నుల కొద్దీ బయటికొచ్చాయి. 2015లో నది మళ్ళీ ఎండినప్పుడు ఇంకో రకం రాళ్ళు తేలాయి, యూదుల సమాధి రాళ్ళ ముక్కలు. ఏరు ఒక్క దొంగతనాన్నే దాచిపెట్టుకోదు మరి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. స్వీడన్ సైన్యం ఊడదీసిన భవనాల్లో ఒకటి విల్లా రెజియా. ఇప్పుడు ఆ స్థలంలో ఉన్న భవనం వార్సా విశ్వవిద్యాలయంలో ఉంది. అంటే 350 ఏళ్ళ తర్వాత ఆ ఆవరణలోంచి బయల్దేరినవాళ్ళే ఏట్లో దిగి తమ ఊరి రాళ్ళు వెతికి తెచ్చుకున్నారన్నమాట.

ఇప్పుడు మా పోలండాయన మాటకి అర్థం చూడండి. మునిగిపోయిన పడవలో సరుకు వార్సాకి తిరిగొచ్చింది. క్షేమంగా స్టాక్‌హోం చేరిన పడవల్లో సరుకు? దానిలో చాలా భాగం స్వీడన్‌లోనే ఉంది. 1660లో ఒలీవా దగ్గర సంధి చేసుకున్నప్పుడు, ఎత్తుకెళ్ళిన దస్తావేజులూ రాజుగారి పుస్తకాలూ వెనక్కివ్వాలని రాసుకున్నారు కూడా. పూర్తిగా అమలు కాలేదు. 1974లో స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మె ప్రభుత్వం ఒకే ఒక్క పెద్ద వస్తువుని సద్భావంతో తిరిగిచ్చింది. 1605లో పోలండు రాజు మూడో సిగిస్మండ్ పెళ్ళి ఊరేగింపు క్రాకో నగరంలోకి వచ్చిన దృశ్యాన్ని పదిహేను మీటర్ల పొడుగు కాగితం చుట్ట మీద గీసిన బొమ్మ అది. దాని పేరే "స్టాక్‌హోం చుట్ట". మూడు శతాబ్దాలు దొంగిలించిన ఊళ్ళో ఉంటే ఆ ఊరి పేరే స్థిరపడింది, చూశారా!

ఖుర్నా సంగతీ ఇంతే. మునిగినవి ఇరాక్ మట్టిలో ఉన్నాయి. ఏనాటికైనా ఎవరైనా తీస్తే అవి ఇరాక్‌వే, అందులో వాదన లేదు. మునగనివి పారిస్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. జర్మనీలో రైన్ నది పాత పాయలో, నోయ్‌పోట్స్ అనే ఊరి దగ్గర కంకర తవ్వుతుంటే 1967 నుంచి 1997 దాకా వెయ్యికి పైగా వస్తువులు దొరికాయి. బరువు దాదాపు 700 కిలోలు. 3వ శతాబ్దంలో అలెమన్ని తెగవాళ్ళు రోమన్ గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్సుని, దోచుకుని రైను దాటుతుండగా మునిగిపోయిన సరుకు అది. ఏముందో తెలుసా? ఎక్కువ భాగం వంటసామాను. కంచు గిన్నెలు, బాణలులు, జల్లెళ్ళు, ఇనుప పనిముట్లు. ఆ దగ్గర్లోనే హాగెన్‌బాక్ అనే చోట వెండి రేకులు దొరికాయి. మన గుళ్ళలో మొక్కు తీరితే వెండి కళ్ళు, వెండి పాదాలు ఇచ్చినట్టు అక్కడివాళ్ళు దేవుడికి ఇచ్చుకున్న మొక్కుబడి రేకులు. వాటి మీద మొక్కుకున్నవాళ్ళ పేర్లున్నాయి. ఆ పేర్ల తీరుని బట్టి ఎక్కడో పిరెనీస్ కొండల దగ్గర గుడి దోచారని తెలిసింది.

ఇది చదివినప్పటి నుంచీ "నిధి" అనే మాట నాకు వేరేగా వినిపిస్తోంది. ఎవరో ఒకావిడ రోజూ పప్పు వండుకునే గిన్నె, ఎవరో బిడ్డకి జ్వరం తగ్గితే ఇచ్చుకున్న వెండి రేకు. లూటీ అంటే ముందు పోయేది అవి. ఏరు వాటినలా ఒక్కచోట ఉంచేసింది కాబట్టి ఎవరు, ఎక్కడ, ఏ దారిన దోచారో పదిహేడు వందల ఏళ్ళ తర్వాత తెలిసింది. దొంగ ఇల్లు చేరి ఉంటే గిన్నెలు కరిగి కత్తులయ్యేవి, రేకులు కరిగి నాణేలయ్యేవి. కథ అక్కడితో సరి.

సరే, మన దగ్గరికి వద్దాం. ఏరూ, ముంపూ, పురాతన శిల్పాలూ అనగానే మీకు నాగార్జునకొండ గుర్తొచ్చి ఉంటుంది. అది వేరే కథ. అక్కడ ఎవరూ దోచలేదు. ఆనకట్ట కడితే లోయ మునుగుతుందని ముందే తెలిసి, 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, తీయగలిగినవి తీసి కొండమీదికి చేర్చారు. నేను చెప్పేది ఆ నది మీదే, అక్కడికి దిగువన ఉన్న అమరావతి సంగతి.

మాది అమరావతికి దగ్గర ఊరు. దీపాలదిన్నె అని మా పెద్దవాళ్ళు పిలిచే దిబ్బే మహాస్తూపం. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త ఊరు కడుతూ ఇటుకలకీ రాళ్ళకీ ఆ దిబ్బ తవ్వించారు. 1797లో కాలిన్ మెకెంజీ అనే స్కాట్లండు సర్వేయరు వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేసి ఉంది. కొన్ని రాళ్ళు గుళ్ళకీ మెట్లకీ పోయాయి, కొన్ని కాల్చి సున్నం చేశారు. మెకెంజీ మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. తర్వాత మచిలీపట్నంలో ఒక దొరగారు కొన్ని పలకలు తెప్పించి బజారు మధ్యలో అలంకారంగా పెట్టుకున్నాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి, బళ్ళ మీద, పడవల మీద మద్రాసు చేర్చాడు. అక్కడ చాలా ఏళ్ళు ఎండకీ వానకీ పడి ఉన్నాక, 1859లో 120కి పైగా పలకల్ని ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడ కూడా ఎవరికీ పట్టక, కొంతకాలం గుర్రబ్బళ్ళ షెడ్డులో పడి ఉన్నాయి. చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

నేను లండన్‌లో వాటిని చూశాను. మెత్తటి వెలుతురులో, మరక లేకుండా. ఒక పలక ముందు పావుగంట నిలబడ్డాను. ఆ ఓడల్లో ఒక్కటైనా బందరు రేవులో మునిగి ఉంటే బావుండేదేమో అని అప్పుడు తోచలేదు, వార్సా కథ విన్నాకే తోచింది. మన దురదృష్టం ఏమిటంటే ఆ ఓడలన్నీ క్షేమంగా చేరాయి.

అయితే దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "లండన్ వెళ్ళాయి కాబట్టి బతికాయి, ఉంటే సున్నం అయ్యేవి" అనేవాళ్ళున్నారు. అందులో నిజం లేకపోలేదు. పోలండులోనూ అంతే. 1944లో జర్మన్లు వార్సాని నేలమట్టం చేశారు. రాజకోటని పేల్చేశారు, గ్రంథాలయాలు తగలబెట్టారు. స్టాక్‌హోం చుట్ట స్టాక్‌హోంలో ఉండబట్టే మిగిలింది. ఇంకో విచిత్రం చెబుతాను. కోపర్నికస్ సొంత పుస్తకాలని 1626లో స్వీడన్ సైన్యం ఎత్తుకుపోయింది. అవి ఉప్సాలాలో ఉన్నాయి. 2005లో ఫ్రాంబోర్క్ చర్చిలో ఒక పుర్రె దొరికితే, అది కోపర్నికస్‌దేనా అని తేల్చడానికి ఆ దోచుకున్న పుస్తకాల్లో ఒకదాని పేజీల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలే పనికొచ్చాయి. డీఎన్ఏ కలిసింది. 2010లో ఆయనకి మళ్ళీ సగౌరవంగా అంత్యక్రియలు చేశారు. దొంగ జాగ్రత్తపరుడైతే ఇలాంటి మేళ్ళు కూడా జరుగుతాయి.

అలాగని స్వదేశంలో ఉంటే భద్రమనీ లేదు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం నుంచి దాదాపు 15,000 వస్తువులు దొంగల పాలయ్యాయి. ఖుర్నా బురదలో ఉన్నవాటిని మాత్రం ఎవరూ ముట్టుకోలేకపోయారు.

కానీ మా ఇంటి నగల్ని అగ్నిప్రమాదం నుంచి పక్కింటాయన కాపాడితే కృతజ్ఞత చెబుతాను, కాళ్ళకి దండం పెడతాను. ఆ నగలు ఆయన భార్య మెళ్ళోనే ఉండిపోతే మాత్రం అడుగుతాను కదా. కాపాడటం వేరు, ఉంచేసుకోవడం వేరు. ఇప్పుడున్న అంతర్జాతీయ ఒప్పందం 1970 నాటి యునెస్కోది. అంతకు ముందు పోయినవాటికి అది వర్తించదు. కాబట్టి 1656కీ, 1855కీ, 1859కీ కోర్టు లేదు. ఇచ్చేవాడి మనసు, లేదా ఏరు.

ఇంకొకటి కూడా ఉంది, సాక్ష్యం. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే బౌద్ధ స్థలం ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన శిల్పాలని ఆ స్థలంలోనే చిన్న మ్యూజియంలో పెట్టారు. అందులోంచి ఒక శిల్పం దొంగల పాలైంది. అది తిరిగి తిరిగి న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2005లో వాళ్ళు డబ్బిచ్చి కొన్నారు. ఆ శిల్పం మన దేశంలో ఉండగా తీసిన ఫోటో బయటపడ్డాక ఇక వాదన లేకుండా పోయింది. 2016లో తిరిగిచ్చేశారు. గుండ్లకమ్మలో మునగకపోయినా అది ఇల్లు చేరడానికి కారణం, ఎవరో ఒకాయన ఎప్పుడో శ్రద్ధగా తీసి ఉంచిన ఒక ఫోటో.

ఫోటో అన్నానా, ఇక ఆ నూతి గట్టు సంగతి చెప్పక తప్పదు.

మా తాతయ్య గారింట్లో, దొడ్లో నూతి పక్కన బట్టలుతికే బండ ఒకటి ఉండేది. కొంచెం ఆకుపచ్చ జీర ఉన్న తెల్లరాయి. పైన నునుపు. కింద ఒక మూల మట్టి కొట్టుకుపోయి సందు ఏర్పడింది. వేసవి సెలవుల్లో మేం పిల్లలం ఆ సందులో చెయ్యి దూర్చి తడిమేవాళ్ళం. తడి మట్టిలో వేళ్ళకి వంపులు వంపులుగా పువ్వు రేకులు తగిలేవి. "తేళ్ళుంటాయిరా, చెయ్యి తీయండి" అని నాయనమ్మ అరిచేది. ఒకసారి తాతయ్యని అడిగితే, "అది దీపాలదిన్నె రాయిరా. మా తాతలనాడే వచ్చింది. కింద పద్మం ఉందట. దాన్ని తొక్కకూడదని బోర్లా వేశారు" అన్నాడు. పద్మాన్ని తొక్కకూడదని బోర్లా వేసి, వీపు మీద అరవై డెబ్బై ఏళ్ళు బట్టలు ఉతికారు. మన భక్తి ఇలాగే ఉంటుంది.

2004లో తాతయ్య పోయాక ఇల్లు అమ్మకానికి పెట్టారు. నేనప్పటికి దుబాయ్ వచ్చి రెండేళ్ళు. ఏదో రిలీజ్ హడావుడిలో ఉండగా నాన్న ఫోన్ చేశారు.

"కొనేవాళ్ళు పాత కలపా రాళ్ళూ అన్నీ కలిపి ఇమ్మంటున్నారురా. నూతి దగ్గర బండ కూడా. ఏమంటావు?"

"ఇచ్చేయండి నాన్నా. ఇక్కడికి తెచ్చుకుంటామా ఏంటి?"

అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. 2015లో అమరావతి పేరు రాజధానిగా అందరి నోళ్ళలో నానుతున్నప్పుడు ఊరెళితే ఆ బండ గుర్తొచ్చి వెతికాను. పాత ఇల్లు లేదు. నూతిని పూడ్చేశారు. రాళ్ళు ఒక మేస్త్రీ తీసుకెళ్ళాడన్నారు, ఆయన ఇంకెవరికో అమ్మాడన్నారు. పునాదిలో ఉందో, ముక్కలైందో, ఎవరి డ్రాయింగు రూములో తిరగేసి నిలబెట్టి ఉందో తెలియదు. ఫోటో ఒక్కటి కూడా లేదు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఎవరూ బట్టలుతికే బండ దగ్గర నిలబడరు కదా. రేపు ఏ మ్యూజియంలోనో ఎదురుపడినా నేను గుర్తుపట్టలేను, ఎందుకంటే దాని ముఖం నేనెప్పుడూ చూడలేదు. నా వేళ్ళకి మాత్రమే తెలుసు.

స్వీడన్ రాజునీ ఫ్రెంచి కాన్సులునీ ఇలియట్ దొరనీ ఇంతసేపు నిలదీశాను. వాళ్ళ ముగ్గురి వస్తువులూ ఎక్కడున్నాయో లోకానికి తెలుసు. నేను ఇచ్చేసిన రాయి ఎక్కడుందో నాకే తెలియదు. కనీసం ఏట్లో పడేసి ఉన్నా ఏనాటికైనా ఒక కరువులో తేలేది.

మావాడికి ఇంటికొచ్చాక ఈ కథంతా చెప్పాను, నూతి గట్టుతో సహా. అంతా విని, "మరి తాతయ్య అడిగినప్పుడు నువ్వు కనీసం తిప్పి చూడమని ఎందుకు అనలేదు నాన్నా?" అన్నాడు. నాలుగో ఎందుకు. దీనికి మాత్రం జవాబు నా దగ్గరే ఉండాలి, ఇంకా వెతుక్కుంటున్నాను.

మీ ఊళ్ళో గుడి వెనకాలో, చెరువు గట్టునో, మీ దొడ్లోనో బోర్లా పడున్న చెక్కిన రాయి ఉంటే, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు నలుగురిని పిలిచి జాగ్రత్తగా తిప్పి చూడండి. ఒక ఫోటో తీయండి, ఎక్కడ ఉందో రాసి పెట్టండి, పురావస్తు శాఖ వాళ్ళకి ఒక ఉత్తరం ముక్క వెయ్యండి. అమ్మేవాళ్ళు ఫోన్ చేసి అడిగితే, ఎంత పనిలో ఉన్నా సరే, ఒక్క అర నిమిషం ఆగి జవాబు చెప్పండి.